అధ్యక్ష అభ్యర్థి మాట - పాల ధర లెక్క
(అమెరికా 1976 ఎన్నికల నుంచి మన సంఘాల సభ్యులకు పనికివచ్చే సంగతులు)

మొన్న ఒక ప్రాథమిక సంఘంలో జరిగిన సభ్యుల శిక్షణ తరగతిలో ఒక యువకుడు లేచి, “అయ్యా, మా సంఘ అధ్యక్ష పదవికి నిలబడినాయన లీటరుకు రూపాయి పెంచుతానంటున్నారు. నమ్మవచ్చునా?” అని అడిగాడు. పక్కనే వున్న పెద్దాయన, “నమ్మకపోతే ఎట్లా, ముందు మన గిట్టుబాటు చూడాలి గదా” అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. సమయం చాలక ఆనాడు పూర్తిగా జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం. దీనికి నేను తీసుకున్న ఉదాహరణ మన జిల్లాది కాదు, అమెరికా దేశానిది. అక్కడ దేశాధ్యక్ష పదవికి పోటీచేసిన ఒక రైతు పాలకు మంచి ధర ఇప్పిస్తామన్నారు, గెలిచారు, అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. తరువాత ఏమి జరిగిందన్నది పాలుపోసే ప్రతివారూ తెలుసుకోదగిన సంగతి.

ఆయన పేరు జిమ్మీ కార్టర్. జార్జియా రాష్ట్రంలో ప్లెయిన్స్ అనే చిన్న వూరు. వేరుసెనగ పండించి, విత్తనాల వ్యాపారం చేసిన కుటుంబం. నౌకాదళంలో పనిచేసి వచ్చి, 1971 నుంచి 1975 వరకు ఆ రాష్ట్రానికి గవర్నరుగా వున్నారు. మన దేశంతో కూడా వారికి కొంత సంబంధం వుంది. ఆయన తల్లి లిలియన్ గారు తమ అరవై ఎనిమిదో యేట ‘పీస్ కోర్’ సేవకురాలిగా వచ్చి బొంబాయి దగ్గర విఖ్రోలీలో రోగులకు సేవచేశారు. అధ్యక్షుడయిన తరువాత 1978 జనవరిలో కార్టర్ హర్యానాలోని ఒక గ్రామానికి వస్తే, ఆ గ్రామస్థులు తమ వూరికి ‘కార్టర్‌పురి’ అని పేరుపెట్టుకున్నారు. 2024 డిసెంబరు 29న, నూరేళ్ళు నిండిన తరువాత, కాలం చేశారు.

1976 నాటికి అమెరికా ప్రజలు ప్రభుత్వం మీద విసిగివున్నారు. వాటర్‌గేట్ వ్యవహారంలో నిక్సన్ 1974లో రాజీనామా చేశారు. వుద్యోగం లేనివారు నూటికి ఏడెనిమిది మంది. కార్టర్ వూరూరా తిరిగి చెప్పిన మొదటి మాట, నేను మీతో అబద్ధం చెప్పను అన్నది. తక్కినవన్నీ దాని తరువాతే.

వారి వాగ్దానాలలో ముఖ్యమైనవి చెబుతాను. పందొమ్మిది వందల పైచిలుకు కేంద్ర ప్రభుత్వ సంస్థలను రెండువందలకు తగ్గిస్తామన్నారు. జార్జియాలో మూడువందల సంస్థలను ఇరవైరెండింటికి తగ్గించిన అనుభవం వుండడంతో జనం నమ్మారు. ప్రతి శాఖా ఏటేటా తన ఖర్చును సున్న నుంచి మొదలుపెట్టి సమర్థించుకోవాలన్నారు. అంటే నిరుడు ఇంత ఖర్చయింది గనుక ఈయేడు దానిమీద పదిశాతం కలుపుకుంటాము అనడానికి వీల్లేదన్నమాట. (మన సంఘాల బడ్జెట్లు చూసేవానిగా ఈ మాట నాకు ముచ్చటగానే వున్నది.) ఆదాయపు పన్ను పద్ధతి మానవజాతికే సిగ్గుచేటు అన్నారు, దాన్ని సమూలంగా మారుస్తామన్నారు. అందరికీ వర్తించే జాతీయ ఆరోగ్య బీమా తెస్తామన్నారు. విద్యకు ప్రత్యేక శాఖ పెడతామన్నారు. ఉపాధ్యాయుల పెద్ద సంఘం తన చరిత్రలో మొదటిసారిగా ఒక అధ్యక్ష అభ్యర్థిని బలపరచింది కార్టర్‌నే. వియత్నాం యుద్ధానికి పోకుండా తప్పుకున్న యువకులకు క్షమాభిక్ష పెడతామన్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి బడ్జెట్‌లో లోటు లేకుండా చేస్తామన్నారు.

ఇన్నింటిలో జరిగినవేవి, జరగనివేవి? క్షమాభిక్ష పదవి చేపట్టిన మరునాడే, 1977 జనవరి 21న ఇచ్చారు. విద్యాశాఖ 1979లో చట్టమయింది. ఇంధన శాఖ అంతకు ముందే, 1977లో వచ్చింది. శాఖలు తగ్గిస్తామన్నవారి హయాంలో రెండు శాఖలు పెరిగాయని ప్రత్యర్థులు ఎగతాళి చేశారు, అది నిజమే. ఆరోగ్య బీమా చట్టం కాలేదు, దాని విషయంలో సొంత పార్టీలోని కెన్నెడీగారితోనే తగవు వచ్చి, 1980లో వారే ఈయనకు పోటీగా నిలిచారు. పన్నుల పద్ధతి సమూలంగా మారలేదు. లోటు పోలేదు. విమానాల మీద, లారీల మీద వుండిన ప్రభుత్వ కట్టుబాట్లు 1978, 1980 చట్టాలతో సడలించారు, అది మాత్రం చాలాకాలం నిలిచిన పని.

ఇక మనకు కావలసిన వ్యవసాయం.

అమెరికాలో పాలకు మద్దతు ధర 1949 చట్టం కింద నడిచేది. సభ్యులు దీని పద్ధతి జాగ్రత్తగా గమనించాలి. ప్రభుత్వం రైతు దగ్గర పాలు కొనదు. వెన్న, చీజ్, పాలపొడి - ఈ మూడింటిని, ఫ్యాక్టరీలు ఎంత తెచ్చినా, ముందుగా ప్రకటించిన ధరకు కొంటుంది. ఆ ధర ఫ్యాక్టరీకి దక్కుతుంది గనుక రైతుకు కూడా కనీసం ఇంత దక్కుతుందని లెక్క. చీజ్ అంటే మన జున్ను అని కొందరు అనువాదం చేస్తారు గాని, అది సరికాదు. మన జున్ను ఈనిన గేదె తొలిపాలతో చేసేది, రెండు రోజులుండదు. చీజ్ పాలను విరగ్గొట్టి, నీరు పిండి, అచ్చులు పోసి నెలల తరబడి నిలవచేసేది. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల పాలు పడతాయి.

మద్దతు ధర ఎంత వుండాలి అన్నదానికి వారికొక కొలత వుండేది, ‘పారిటీ’ అంటారు. 1910-14 మధ్యకాలంలో రైతు ఇంత పాలు అమ్మితే ఇంత దాణా, ఇన్ని పనిముట్లు, ఇంత బట్ట వచ్చేది గదా, ఇప్పుడు అంతే పాలు అమ్మితే అంతే సరుకు రావాలి. వస్తే అది నూటికి నూరు పారిటీ. అయిదు పాళ్ళలో నాలుగు పాళ్ళు వస్తే ఎనభై. చట్టం ప్రకారం ప్రభుత్వం 75కూ 90కీ మధ్య ఎక్కడైనా నిర్ణయించవచ్చు. ఆ పదిహేను పాయింట్ల జాగాలోనే రాజకీయమంతా నడిచింది.

దానికొక చెడ్డ ఉదాహరణ ముందే వున్నది. 1971 మార్చి 12న నిక్సన్ ప్రభుత్వం పాల మద్దతు ధర పెంచేది లేదని ప్రకటించింది. 23న పాల సహకార సంఘాల పెద్దలు శ్వేతభవనంలో నిక్సన్‌ను కలిశారు. 25న అదే ప్రభుత్వం ధరను 100 పౌన్లకు 4 డాలర్ల 66 సెంట్ల నుంచి 4 డాలర్ల 93 సెంట్లకు పెంచింది. ఆ సంఘాలవారు నిక్సన్ ఎన్నికల నిధికి ఇరవై లక్షల డాలర్లు ఇస్తామన్న మాట తరువాత బయటపడింది. వీటిలో పెద్దదైన ‘అసోసియేటెడ్ మిల్క్ ప్రొడ్యూసర్స్’ చట్టవిరుద్ధంగా ఎన్నికల విరాళాలిచ్చినట్టు 1974లో కోర్టులో ఒప్పుకుని జరిమానా కట్టింది. అదికూడా సహకార సంఘమే, సభ్యుల సొత్తే. మనలాగే పాలుపోసే రైతులే దానికి యజమానులు. పాలబిల్లులో ఏ కోత కనిపించినా, ఎందుకు, ఎవరి తీర్మానం మీద అని నేను ప్రతి తనిఖీలోనూ అడుగుతాను. కొందరు కార్యదర్శులకు ఆ ప్రశ్న నచ్చదు.

ఈ వ్యవహారం తరువాత వచ్చిన మొదటి ఎన్నిక 1976ది. అధ్యక్ష పోటీకి ప్రభుత్వ ఖజానా నుంచే ఖర్చులివ్వడం ఆయేటితోనే మొదలయింది. కార్టర్, ఫోర్డ్ ఇద్దరూ దానిని తీసుకున్నారు.

ఆ జనవరిలోనే కాంగ్రెస్ పాల మద్దతు ధరను 85 పారిటీకి పెంచమని తీర్మానం పంపితే, అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేశారు. వినియోగదారు మీద భారం పడుతుందనీ, సరుకు పేరుకుపోతుందనీ వారి వాదన. పాడి రైతులకు కోపం వచ్చింది. వచ్చిందంటే రాదా మరి, దాణా ధరలు అంతకు ముందు రెండు మూడేళ్ళలో ఎట్లా పెరిగాయో వారికి తెలుసు. ఏప్రిల్ 6న విస్కాన్సిన్ రాష్ట్రంలో డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థి ఎంపిక పోలింగు జరిగింది. ఆ రాష్ట్రం పాడికి పెట్టింది పేరు. రాత్రి మొదటి లెక్కలనుబట్టి కార్టర్ ఓడారని మిల్వాకీ పత్రిక ఒకటి అచ్చువేసేసింది. తెల్లవారేసరికి పల్లెల ఓట్లు కలిశాక ఆయన ఏడువేల చిల్లర ఓట్లతో గెలిచారు. ఆ పత్రికను చేత్తో ఎత్తి చూపుతూ కార్టర్ నవ్విన ఫోటో ప్రసిద్ధం.

రైతులకు ఆయన చెప్పినది ఇది. మద్దతు ధర కనీసం ఉత్పత్తి ఖర్చుకు తగ్గకూడదు. ధాన్యం ఎగుమతి మీద నిషేధాలు వుండకూడదు. ఈ రెండోమాట ఆగస్టులో అయోవా రాష్ట్ర సంత సభలో గట్టిగా చెప్పారు. ఉపాధ్యక్ష అభ్యర్థిగా పాడి రాష్ట్రమైన మిన్నెసోటా నుంచి మాండేల్‌ను తీసుకున్నారు. నవంబరు 2న 297 ఎలక్టరల్ ఓట్లతో గెలిచారు. ఫోర్డ్‌కు 240 వచ్చాయి. విస్కాన్సిన్ సుమారు 35 వేల ఓట్ల తేడాతో ఆయనకే వచ్చింది.

అన్నమాట ప్రకారం 1977 ఏప్రిల్ నుంచి పాల మద్దతు ధర 100 పౌన్లకు 8.26 నుంచి 9 డాలర్లయింది. 100 పౌన్లంటే మన లెక్కలో 45 కిలోలు. ఆ యేడు వచ్చిన వ్యవసాయ చట్టం 80 పారిటీకి తగ్గకూడదని కట్టడిచేసింది. అంతేకాదు, ఆరునెలలకొకసారి ధర సవరించాలన్నది. దేశంలో ధరలు పెరుగుతూ వున్నాయి గనుక ప్రతి ఆరునెలలకూ పాలధర కూడా మెట్టుమెట్టుగా పెరిగింది. 1980 అక్టోబరుకు 13 డాలర్ల 10 సెంట్లు. మూడున్నరేళ్ళలో నూటికి నలభై అయిదు వంతున పెరిగిందన్నమాట.

పాడిరైతుకు ఇంతకన్న మంచికాలం వుంటుందా? అమ్మేయవలసిన ముసలి ఆవును ఇంకో ఈత చూద్దామని వుంచుకున్నారు. పెయ్యలను పెంచారు. దాణా దండిగా పెట్టారు. అప్పుచేసి కొట్టాలు కట్టారు. పాలు పెరిగాయి. అయితే తాగేవారు అంతగా పెరగలేదు, చీజ్ ధర పెరిగిన కొద్దీ కొనేవారు వెనుకాడారు కూడా. మిగిలినదంతా ఫ్యాక్టరీలు ప్రభుత్వానికి తోలాయి. ప్రభుత్వం కాదనడానికి లేదు, చట్టంలో ధర వుంది గాని పరిమాణం లేదు. ఎంత కొనాలన్న హద్దు ఎక్కడా రాయలేదు. నా దృష్టిలో మొత్తం కథలో కీలకం ఈ ఒక్క లోపమే.

శీతల గిడ్డంగులు నిండి, కాన్సస్ సిటీ ప్రాంతంలో సున్నపురాయి గనులు తవ్విన సొరంగాలలో సరుకు దాచారు. 1981 చివరికి చీజ్ ఒక్కటే 56 కోట్ల పౌన్లు, మన లెక్కలో రెండున్నర లక్షల టన్నులు. దానికి పట్టిన పాలు ఎన్నో సభ్యులే గుణించుకోవచ్చు.

ఈలోగా కార్టర్ ఓడిపోయారు. పాలవల్ల కాదు. 1976లో ఆయన ఒక చిత్రమైన లెక్క వాడారు, నిరుద్యోగ శాతాన్నీ ధరల పెరుగుదల శాతాన్నీ కూడి ‘కష్టాల సూచిక’ అన్నారు. ఫోర్డ్ హయాంలో అది పదమూడు దాటింది, ఇటువంటివారికి మళ్ళీ ఓటడిగే హక్కు లేదన్నారు. 1980కి అదే కూడిక ఇరవై దాటింది. రీగన్ ఆ లెక్కనే తీసి ఆయన ముందు పెట్టారు. పైగా 1980 జనవరిలో, సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లో ప్రవేశించినందుకు, ఆ దేశానికి 1 కోటి 70 లక్షల టన్నుల ధాన్యం పంపడం కార్టర్ నిలిపివేశారు. అయోవాలో చెప్పినమాట ఏమయిందని గోధుమ, మొక్కజొన్న రైతులు అడిగారు. దేశ రక్షణ కోసమన్నారు. కావచ్చు. మాట ఇచ్చినప్పుడు మాత్రం ఆ షరతు రైతు చెవికి గట్టిగా వినబడలేదు.

రీగన్ 1980 ఎన్నికలో ఆదాయపు పన్ను మూడేళ్ళలో నూటికి ముప్ఫై తగ్గిస్తామన్నారు, విద్యాశాఖ, ఇంధన శాఖ రద్దుచేస్తామన్నారు, ధాన్య నిషేధం ఎత్తివేస్తామన్నారు. నిషేధం 1981 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. పన్నులు తగ్గించారు. ఆ రెండు శాఖలు మాత్రం ఆయన దిగిపోయేనాటికి కూడా వున్నాయి. పాల విషయంలో 1981 ఏప్రిల్ 1న రావలసిన పెంపును ముందురోజే చట్టంతో ఆపారు. డిసెంబరులో 3 కోట్ల పౌన్ల చీజ్‌ను పేదలకు పంచమన్నారు. చర్చిల ముందు జనం బారులు తీరి అట్టపెట్టెల్లో చీజ్ తీసుకువెళ్ళారు.

అయినా నిల్వలు కరగలేదు. అప్పుడు రైతు వంతు వచ్చింది. 1983లో ప్రతి 100 పౌన్ల పాలకు 50 సెంట్లు కోత మొదలయింది. పాలు తగ్గించుకునే రైతుకు, తగ్గించిన ప్రతి 100 పౌన్లకు 10 డాలర్లిచ్చే పథకం పెట్టారు. ప్రభుత్వం పాలు పితకనందుకు డబ్బివ్వడం మనకు వింతగా తోచవచ్చు. పదిహేను నెలలు అట్లాగే నడిచింది. పథకం ముగియగానే మళ్ళీ పితికారు. చివరకు 1986లో మందలకు మందలే కొనేశారు. సుమారు 14 వేల మంది రైతులు అయిదేళ్ళు పాడి జోలికి పోమని ఒప్పందం రాసి, పదిహేను లక్షల వరకు ఆవులు, పెయ్యలు, దూడలను కబేళాకో విదేశాలకో పంపారు. ఆ పశువులను గుర్తుపట్టడానికి ముఖాన ఎర్రగా కాల్చిన ఇనుముతో ముద్ర వేయించారు. జంతుసంక్షేమ సంఘంవారు కోర్టుకు పోయి ఆ పద్ధతిని ఆపించారు. ఆ మద్దతు ధర పథకం ఎన్నో మార్పుల తరువాత 2014 వ్యవసాయ చట్టంతో పూర్తిగా రద్దయింది.

ఇదంతా ఎక్కడో జరిగింది, మనకేమిటి అనుకోకూడదు. ఐరోపా దేశాలలోనూ ఇదేవిధంగా మద్దతు ధరవల్ల పాలపొడి, వెన్న పేరుకుపోయాయి. ఆ మిగులే 1970లో ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మన ‘ఆపరేషన్ ఫ్లడ్’కు వచ్చింది. 1,26,000 టన్నుల పాలపొడి, 42,000 టన్నుల వెన్ననూనె. దాన్ని వూరికే పంచివుంటే మన పట్టణాలలో పాలధర పడిపోయి, పల్లెలో గేదె పోషణ దండగయ్యేది. కురియన్‌గారు పంచనివ్వలేదు. పొడిని పాలుగా కలిపి సరైన ధరకు అమ్మించి, వచ్చిన డబ్బుతో చిల్లింగు కేంద్రాలు, ట్యాంకర్లు, డెయిరీలు కట్టించారు. ఇతరుల లెక్క తప్పి మిగిలిన సరుకు మన సంఘాల పునాదిలో పడింది.

ఆ పెద్దాయన అన్న గిట్టుబాటు మాట దగ్గరకు వస్తాను. గిట్టుబాటు అడగడం తప్పు కాదు. చెక్క, తౌడు, ఎండుగడ్డి, కూలి అన్నీ పెరిగినప్పుడు పాలధర పెరగక తీరదు. కార్టర్ ఇచ్చిన మాటలో కూడా దోషం లేదు, ఉత్పత్తి ఖర్చు కూడా రాని రైతుకు అండగా నిలవాలన్నారు. నా అభ్యంతరం అల్లా పెంచిన ధరకు ఎన్ని లీటర్లు, ఎవరు, ఎంతకాలం కొంటారన్నది ఆనాడు వాగ్దానంలోనూ లేదు, అడిగినవారూ తక్కువ. వీటో చేసినాయన ఆ ప్రశ్న అడిగారు, కాని రైతు ఖర్చుకు జవాబు చెప్పలేదు. అందుకే ఓట్లు పోగొట్టుకున్నారు.

నేను వుద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘం పుస్తకాలు చూడవలసి వచ్చింది. రోజుకు 400 లీటర్ల సంఘం. లీటరు మీద సంఘానికి మిగిలేది 60 పైసలు, అంటే రోజుకు 240 రూపాయలు. అందులో కార్యదర్శి, టెస్టరు జీతాలు, ఆసిడ్, కరెంటు, గది అద్దె కలిపి 180 పోయేది. మిగిలేది 60 రూపాయలు. కొత్తగా గెలిచిన అధ్యక్షులు చెప్పినట్టే లీటరుకు రూపాయి ఎక్కువ ఇచ్చారు. రోజుకు 400 రూపాయలు. యూనియన్ ఇచ్చే ధర మారలేదు. రోజుకు 340 రూపాయల లోటు. ఆయన దొంగ కాదు, ఒక్క పైసా ఇంటికి తీసుకుపోలేదు, అది నేను రాసి సంతకం పెట్టాను. బోనస్‌కు వుంచిన నిధిలోంచీ, వాటాధనంలోంచీ తీసి ఇచ్చారు. అయిదు నెలలకు 51,000 రూపాయలు ఖాళీ. ఆ తరువాత మూడు పాల బిల్లులు ఆగిపోయాయి.

సభ్యులు కొందరు ప్రైవేటువానికి పోయడం మొదలుపెట్టగా సేకరణ 300 లీటర్లకు దిగింది. మహాజన సభలో లీటరుకు 15 పైసలు కోత పెట్టుకుని ఆ గుంట పూడ్చుకుందామని తీర్మానించారు. రోజుకు 45 రూపాయలు. పూడ్చడానికి మూడేళ్ళు దాటి రెండు నెలలు పట్టింది. ఆ కోత ఆఖరి బిల్లు రాసిన రోజున నేను అక్కడే వున్నాను. ఆగిపోయిన మూడు బిల్లుల్లో ఎక్కువ బాకీ రావలసిన సభ్యురాలొకామె, రెండు గేదెల మనిషి, అప్పటికి రెంటినీ అమ్మేసి కూలికి పోతున్నది.